ఉద్యోగంలో పడి మూలన పెట్టిన గజ్జెల్ని మళ్లీ కట్టుకోవడం ఎలా?

మా ఇంట్లో నా గజ్జెలు రెండున్నరేళ్లు బీరువా మీద పాత చీరముక్క మూటలో ఉండిపోయాయి. నేను విజయనగరం నుంచి విశాఖకు రోజూ రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగిని. పొద్దున ఏడింటికి ఇల్లు కదిలితే రాత్రి ఎనిమిదికి తిరిగొస్తాను. తొమ్మిదో ఏట మొదలెట్టిన కూచిపూడి ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. మానేద్దామని ఎవరూ అనుకోరు. ఈ వారం ఆడిట్, వచ్చే వారం పెళ్లి, ఆ తర్వాత జ్వరం అంటూ రోజులు గడిచిపోతాయి. మళ్లీ ఎలా మొదలెట్టానో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది దెబ్బ కొట్టిందో చెబుతాను. మీది కూచిపూడి అయినా, భరతనాట్యం అయినా, జానపదమైనా చాలావరకు ఇదే దారి.

ముందు మూట విప్పండి

నాట్యం చేయక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం గజ్జెల్ని కిందికి దించి ముందు వేసుకుని కూర్చోండి, అంతే. నావి విప్పేసరికి తోలు పట్టీ అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఇత్తడి మువ్వలకి పచ్చగా చిలుము పట్టింది. తోలుకి తడి తగిలితే పాడవుతుంది కాబట్టి, నానబెట్టిన చింతపండు గుజ్జుని చిన్న గుడ్డకి రాసుకుని ఒక్కో మువ్వనీ విడిగా రుద్దాను. తర్వాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచాను. పట్టీకి కొంచెం కొబ్బరినూనె పట్టించి రాత్రంతా నీడలో వదిలేశాను. గంటన్నర పట్టింది. ఊడిపోయేలా ఉన్న నాలుగు మువ్వల్ని మైనం పట్టించిన దారంతో మళ్లీ కుట్టాను. ఆ గంటన్నరలో ఒక్క అడుగు కూడా వేయలేదు. కానీ పట్టీ పక్కకి జరిపినప్పుడల్లా వచ్చిన ఆ ఘల్లుమన్న చప్పుడుకి, నా ప్రమేయం లేకుండానే మడమ నేల మీద తాళం వేయడం మొదలెట్టింది. ఇష్టం పోలేదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

అలసట ఎక్కడుందో తేల్చుకోండి

"ఇంట్రెస్ట్ పోయింది" అని మనం అనేది చాలాసార్లు మూడు వేరు వేరు సంగతులు. ఒకటి నిజంగా నిద్ర చాలకపోవడం. రోజుకి ఐదు గంటలే పడుకునేవాళ్లు నాట్యం సంగతి తర్వాత చూడండి, ముందు రెండు వారాలు నిద్ర సరిచేసుకోండి. రెండోది విసుగు. చిన్నప్పటి నుంచీ చేసిన అవే నాలుగు ఐటమ్‌లు మళ్లీ మళ్లీ చేసి మొహం మొత్తడం. అలాంటివాళ్లకి కొత్త జతి, అంటే అడుగులకి పలికే తకధిమి లాంటి పలుకుల వరుస, ఒక్కటి నేర్చుకున్నా చాలు, ప్రాణం లేచొస్తుంది.

మూడోది సిగ్గు. నా ఇబ్బంది ఇదే. నాతో పాటు నేర్చుకున్నవాళ్లు సోలో ప్రోగ్రామ్‌లు ఇస్తున్నారు, నేనేమో మెట్లెక్కితే ఆయాసపడుతున్నాను. పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం చేసిన కాళ్లు ఇవేనా అనిపించేది. ఈ సిగ్గుకి నాకు దొరికిన మందు ఒక్కటే. పాత వీడియోలు చూడటం మానేశాను. ఆరు నెలలు ఫోన్‌లో వాటిని తెరవలేదు. ఇప్పటి శరీరం ఇప్పుడు ఏం చేయగలదో అక్కడినుంచే లెక్క మొదలెట్టాలి.

పది నిమిషాలు, అంతకు మించి వద్దు

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి రోజే ఉత్సాహం ఆగక, ఒళ్లు వేడెక్కించకుండా, టైల్స్ మీద ఒక పూర్తి ఐటమ్ చేశాను. మర్నాడు మోకాలు వాచి స్టేషన్ మెట్లు దిగలేకపోయాను. దాంతో ఇంకో నెలన్నర పోయింది.

మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, రోజుకి పది నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మోగగానే ఆపేయండి. ఇంకా చేయాలనిపిస్తున్నప్పుడే ఆపాలి. అలా అయితేనే మర్నాడు కాలు లాగుతుంది. గజ్జెలు ఇప్పుడే వద్దు. ముందు చీలమండల్ని రెండు వైపులా గుండ్రంగా తిప్పండి. గోడ పట్టుకుని మడమలు నెమ్మదిగా లేపి దించండి, ఓ పదిహేనుసార్లు. తర్వాత భూమికి నమస్కారం. దీన్ని మాత్రం ఎప్పుడూ వదలకండి. రోజంతా తల్లో తిరిగిన ఆఫీసు గొడవంతా ఆ వంగి లేచే క్షణంలో కొంత జారిపోతుంది.

తర్వాత అర్ధమండలి, అంటే మోకాళ్లు పక్కకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం. లోతుగా కూర్చోవాలని పట్టుబట్టకండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే వైపే వంగాలి. పాదాల్ని బలవంతంగా పక్కకి తిప్పేసి మోకాళ్లు ముందుకి పడిపోతుంటే, పాదాల మధ్య కోణం తగ్గించండి. అందం వారాల మీద తిరిగొస్తుంది, మోకాలు అరిగితే రాదు. అలా నిలబడి "తై యుం తత్త తై యుం తా" అడవుని, అంటే ఆ అడుగుల వరుసని, మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా సాగే విలంబంలో మాత్రమే చేయండి. రెండో కాలం మూడో వారంలో. మూడో కాలం ఎప్పుడో మీ ఊపిరే చెబుతుంది.

టైల్స్, గ్రానైట్ మీద కాలు గట్టిగా కొట్టొద్దు. ఆ దెబ్బంతా పిక్కకీ మోకాలికీ వస్తుంది. రబ్బరు చాప వేసుకుంటే భ్రమరులు (గిరగిరా తిరగడాలు) చేయకండి, పాదం అతుక్కుపోయి మోకాలు మెలిపడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే కింద ఇంటివాళ్లకి ఒక మాట చెప్పండి. ఎండాకాలం అయితే పొద్దున ఆరులోపే చేసేసుకోండి. విజయనగరం ఎండలో ఆ తర్వాత మేడ మీద కాలు పెట్టలేం. నొప్పి సూదిలా పొడిచినా, వాపు తగ్గకపోయినా సాధన ఆపి డాక్టరుకి చూపించుకోండి.

సీట్లో కూర్చుని చేసే సాధన

నన్ను నిజంగా నిలబెట్టింది ఇదే. రోజూ రైల్లో రెండు గంటలు పోతున్నాయని ఏడ్చేదాన్ని. ఒకరోజు ఒళ్లో బ్యాగు పెట్టుకుని దానిమీద ఆదితాళం వేశాను. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. 8 అక్షరాలు. దానిలో నోటితో జతులు చెప్పుకున్నాను. ఒక్కో దెబ్బకి ఎన్ని అక్షరాలు పలకాలో దాన్నిబట్టి వాటికి పేర్లు. కోరుకొండ దాటేదాకా చతురశ్రం, తకధిమి. అలమండ దగ్గర తిశ్రం, తకిట. కొత్తవలస వచ్చేసరికి ఖండం, తకతకిట. మిశ్రం 7, సంకీర్ణం 9 కష్టం, అవి పెందుర్తి దాటాక. మొదట్లో ఎదుటి సీటువాళ్లు చూస్తారని మొహమాటపడ్డాను. వారం తిరిగేసరికి ఎదురుగా కూర్చునే పెద్దావిడ, "అమ్మా, ఇవాళ తాళం వెయ్యవేటి?" అని తనే అడిగింది.

ఆఫీసులో చేయగలిగేవీ ఉన్నాయి. పాత నాట్యగ్రంథం అభినయదర్పణంలో శిరోభేదాలు (తల కదలికలు) 9, దృష్టి భేదాలు (చూపులు) 8, గ్రీవా భేదాలు (మెడ కదలికలు) 4 చెప్పారు. ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండా చేయవచ్చు. కంప్యూటర్ చూసి చూసి మంటలు పుట్టిన కళ్లని టీ టైమ్‌లో అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పితే సాధనా అవుతుంది, కళ్లకి కాస్త మార్పూ దొరుకుతుంది. హస్తాల (చేతి ముద్రల) శ్లోకం ఒక్కసారి గుర్తుచేసుకుంటూ వేళ్లు కదిపినా చాలు. ఇలా గడిచిన రోజుని "ఇవాళ ప్రాక్టీస్ చేయలేదు" అని రాయకండి, చేసినట్టే లెక్క.

ఒంటరిగా లాగకండి

గురువుగారికి ఫోన్ చేయడం నాకు అన్నిటికన్నా కష్టమైన అడుగు. మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. చివరికి, "మాస్టారూ, నేనండీ" అన్నాను. తిడతారనుకుంటే, "ఏటమ్మా, ఆదివారం రా. నువ్వేం చెయ్యక్కర్లేదు, పిల్లలకి తాళం వెయ్యి చాలు" అన్నారు. వెళ్లి కూర్చుని కర్రతో తాళం వేశాను. రెండో ఆదివారానికి కొంగు బిగించి పిల్లల వెనక వరుసలో నిలబడ్డాను. మీ గురువులు దూరంలో ఉంటే, లేదా ఆ క్లాసు ఇప్పుడు లేకపోతే, కొత్తచోట మొదటి నుంచి చేరడానికి వెనకాడకండి.

అదృష్టం కొద్దీ మా విజయనగరం నాట్యం కొత్తకాని నేల. 1919లో విజయరామ గజపతిరాజు స్థాపించిన సంగీత కళాశాల ఇప్పటికీ ఊళ్లో ఉంది, అక్కడ నాట్యమూ నేర్పుతారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పిన మనిషి. ఇక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు చూడండి. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఎగిరి ఆడేవాళ్లది మందలు, పొలాలు చూసుకునే కుటుంబాల నుంచి వచ్చిన కళ. పనికీ ఆటకీ పోటీ ఉందని వాళ్లెవరూ అనుకోలేదు. మన్యం గిరిజనుల నృత్యం ధింసాలో అయితే ఒకరి నడుం వెనక ఒకరు చెయ్యి వేసి వరుసగా కదులుతారు, ఒకరి అలసట పక్కవాళ్లు మోస్తారు. మీకు సోలో అంటే భయంగా ఉంటే ముగ్గురు నలుగురు స్నేహితులతో కలిసి ఏదైనా బృందనృత్యం పట్టుకోండి. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుంటే వీడియోలు పంపమని కాదు, "ఇవాళ చేశాను" అన్న ఒక్క మాటకి వాడుకోండి.

ఒక తేదీ పెట్టుకోండి

మూడో నెలలో ఇది అవసరం. పెద్ద వేదికే అక్కర్లేదు. దసరా నవరాత్రుల్లో మీ వీధి పందిరి, కార్తీక మాసంలో గుళ్లో ఐదు నిమిషాలు, అంతే. నేను మా ఊరి జాతర, సిరిమానోత్సవాన్ని గుర్తు పెట్టుకున్నాను. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, ఊళ్లో తిరుగుతుంది. ఆ రోజుకి మా ఇంటికి చుట్టాలు దిగుతారు. వాళ్ల ముందు హాల్లో సోఫాలు జరిపి ఒక కీర్తన చేస్తానని ముందే అందరికీ చెప్పేశాను. అలా చెప్పాక తప్పించుకోవడానికి కుదరలేదు.

మధ్యలో మార్చి నెల వస్తుంది, ఆఫీసులో ఊపిరాడదు. ఆ నెలకి ముందే వేరే లెక్క రాసుకోండి. వారానికి ఒక్కరోజు, నమస్కారం, ఒక అడవు, అంతే. పూర్తిగా ఆపేసి ఏప్రిల్‌లో మొదలెడదాం అనుకుంటే మళ్లీ రెండేళ్లు పోతాయి, నాకు పోయాయి.

గజ్జెలు నాలుగో వారంలో కట్టుకోండి. సాధన అయ్యాక చెమటతడి పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనివ్వండి. తర్వాత వాటిని బీరువా పైకి ఎక్కించకండి. మా ఇంట్లో ఆఫీసు బ్యాగు తగిలించే మేకు పక్కనే ఇంకో మేకు కొట్టించాను. పొద్దున బ్యాగు తీసుకుంటుంటే చెయ్యి తగిలి మువ్వలు మోగుతాయి.