క్రికెట్ లీగ్‌ను 10 జట్ల నుంచి 12కు పెంచేటప్పుడు

ముందు లెక్క చూసుకోండి. అందరూ అందరితో ఒక్కసారి ఆడితే 10 జట్లకు 45 మ్యాచ్‌లు, 12 జట్లకు 66. అదే ఆరేసి జట్ల రెండు గ్రూపులు చేసి, గ్రూపులో రెండేసిసార్లు ఆడిస్తే 60తో సరిపోతుంది. పది ఆదివారాలు, వారానికి ఆరు మ్యాచ్‌లు.

11 దగ్గర మాత్రం ఆగొద్దు. బేసి సంఖ్య వస్తే ప్రతి వారం ఒక జట్టు ఖాళీ. అమెరికా బేస్‌బాల్‌లో 2013లో హ్యూస్టన్ జట్టును ఒక లీగు నుంచి రెండోదానికి మార్చి రెండు లీగులకూ 15 జట్ల చొప్పున చేశాక, రోజూ అన్ని జట్లూ ఆడాలంటే కనీసం ఒక మ్యాచ్ రెండు లీగుల జట్ల మధ్య పెట్టక తప్పడం లేదు.

గ్రూపులను బలాన్ని బట్టి కాదు, దారిని బట్టి విడదీయండి. మన నెల్లూరు, ఒంగోలు వైపైతే రైలు దారిలో ఒక గ్రూపు: నెల్లూరు, బిట్రగుంట, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, ఒంగోలు. పడమర రెండోది: ఆత్మకూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి, దర్శి. ఉదయగిరి కుర్రాళ్లను వారం వారం ఒంగోలు రమ్మంటే మూడో వారానికి తొమ్మిదిమందే దిగుతారు!

అసలు గొడవ ఆటగాళ్ల దగ్గరే. పాత జట్టు 15 మందిలో 9 మందిని అట్టిపెట్టుకోవచ్చు. మిగతావాళ్లలో ఇద్దరికి మించి కొత్త జట్లకు పోకూడదు. కొత్త జట్లు చీటీ వేసి వంతులవారీగా ఎంచుకోవాలి. ఆ రోజే జాబితా మూసేయండి.

సెమీస్‌కు గ్రూపుకు రెండు జట్లు. రెండు గ్రూపుల రన్‌రేట్లు పోల్చొద్దు, మైదానాలు వేరు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టండి; అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడ వానలే.