విందు రోజుల్లో కుక్కకి కొవ్వు ముక్కలు వేసేవాళ్ళు ఇది చదవండి

ఇళ్ళల్లో విందులు, చుట్టాల రాకపోకలు మొదలవుతున్నాయి కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. మొన్న తెలిసినవాళ్ళ కుక్క రాత్రి విందులో మాంసం కొవ్వు బాగా తినేసింది, తెల్లారేసరికి వాంతులు, మధ్యాహ్నానికి లేవలేకపోయింది, ఇప్పుడు సెలైన్ మీద ఉంది. ఎవరు పెట్టారంటే ఒక్కళ్ళు కాదు, వచ్చినవాళ్ళందరూ తలా ఒక ముక్క వేశారు. అందరి నోటా ఒకటే మాట, "ఒక్కసారే కదా, ఏం కాదులే".

చాక్లెట్, ఉల్లిపాయ, వండిన ఎముకలు పెట్టకూడదని మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినంతలో కొంపలు ముంచేది ఈ "ఒక్కసారే కదా".

అలాగని కొవ్వు విషమేం కాదు. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం కుక్కకైనా పిల్లికైనా తిండిలోంచే రావాలి, ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కొవ్వుండాలి. పిల్లికి అదనంగా అలాంటిదే ఇంకొకటి, అరాకిడోనిక్ ఆమ్లం కూడా కావాలి, కుక్క దాన్ని లినోలిక్ నుంచి తయారు చేసుకుంటుంది గానీ పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ, అందుకే దానికి జంతువుల కొవ్వు తప్పదు (కొబ్బరినూనె వేస్తే సరిపోతుంది అనేవాళ్ళ మాట వినకండి, అందులో అరాకిడోనిక్ అస్సలుండదు, లినోలిక్ కూడా నామమాత్రమే). రోజూ తినే ఫుడ్‌లో ఉన్న కొవ్వుతో మామూలు కుక్కకి ఇబ్బంది లేదు. అలవాటు లేని కడుపులో ఒకేసారి బోలెడంత పడితేనే ప్రమాదం.

పొట్ట దగ్గరుండే పాంక్రియాస్ (క్లోమం) అనే గ్రంథిలో తయారయ్యే, తిండిని అరిగించే ఎంజైములు పేగులోకి వచ్చాక పని మొదలెట్టాలి. అవి లోపలే మొదలెట్టేస్తే పాంక్రియాస్ తనని తానే అరిగించుకుంటుంది, దాన్నే పాంక్రియాటైటిస్ అంటారు, ప్రాణం కూడా పోవచ్చు. కుక్కల్లో దీన్ని రేపే వాటిలో కొవ్వు తిండి ముఖ్యమైంది. లావుగా ఉన్నవి, ఇంతకుముందు ఒకసారి వచ్చినవి, మినియేచర్ ష్నాజర్ లాంటి జాతులు ఇంకా రిస్క్. మీ కుక్క వీటిలో ఒకటైతే "ఒక్కసారే" కూడా వద్దు, ఒక్క ముక్క కూడా వద్దు.

ఎంతైతే ఎక్కువ అని అడుగుతారు. 5 కిలోల కుక్కకి రోజుకి సుమారు 350 నుంచి 400 కేలరీలు చాలు. 30 గ్రాముల అచ్చ కొవ్వంటే దాదాపు 270 కేలరీలు. మీ చేతిలో చిన్న ముక్క, దాని లెక్కలో రోజు తిండిలో మూడొంతుల్లో రెండొంతులు. అలాంటివి నలుగురు నాలుగు వేస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

డబ్బా ఫుడ్ లేబుల్ చూసి కూడా మోసపోతారు. కొవ్వు 5 శాతం అని ఉంటుంది, తేమ 78 శాతం ఉంటుంది, నీళ్ళు తీసేసి చూస్తే ఆ 5 కాస్తా దాదాపు 23 శాతం. డాక్టర్ తక్కువ కొవ్వు పెట్టమన్న కుక్కకి ఈ లెక్క చూడకుండా కొనకండి.

పిల్లుల సంగతి వేరు. వాటిలో పాంక్రియాటైటిస్‌కీ కొవ్వు తిండికీ అంత గట్టి సంబంధం కనబడలేదు, అక్కడ భయం పస్తుతో. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి లివరే దెబ్బతింటుంది. లావు తగ్గిద్దామని పస్తు పెట్టకండి. ఒక రోజంతా ముట్టలేదంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

ఇక మిగతావి.

వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే చెప్పండి, కుక్కకి ఏమీ వెయ్యొద్దని. మొహమాటపడకండి.

ఎంగిలి ప్లేట్లు, వేపుడు నూనె, చికెన్ స్కిన్ ఉన్న చెత్తబుట్టకి మూత పెట్టి ఎత్తులో పెట్టండి, మీరు పెట్టకపోయినా అదే తీసుకుంటుంది.

పాడై ముక్కిపోయిన వాసన వచ్చే నూనె ఏ జంతువుకీ వద్దు.

చేప నూనె వేరు, కాడ్ లివర్ ఆయిల్ వేరు. రెండోదాంట్లో ఏ, డి విటమిన్లు ఎక్కువ, ఇష్టమొచ్చినట్టు పోస్తే అవి ఒంట్లో పేరుకుపోతాయి.

పిల్లి నోట్లో బలవంతంగా నూనె పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫుడ్ మార్చాలంటే వారం పది రోజులు పట్టనివ్వండి.

వాంతులు ఆగట్లేదా, ముందు కాళ్ళు కిందకి వంచి వెనక భాగం పైకెత్తి నిలబడుతోందా, పొట్ట ముట్టుకోనివ్వట్లేదా, వెంటనే తీసుకెళ్ళండి, రేపటిదాకా ఆగకండి. లక్షణాలు ఆ రాత్రే రావాలని లేదు, ఒకట్రెండు రోజుల తర్వాత కూడా రావచ్చు.

ఉప్పునీళ్ళు పట్టి కక్కించకండి. మనుషుల నొప్పి మాత్రలు వెయ్యకండి, పారాసెటమాల్ పిల్లిని చంపేస్తుంది.

డాక్టర్‌కి ఏం తింది, ఎంత తింది, ఎన్నింటికి తింది చెప్పండి, పెట్టింది మీరే అయితే అది కూడా దాచకండి.