క్లబ్‌హౌస్ స్టేజీ మీద ‘సాగర సంగమం’ ఆఖరి సీను

బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ ఉగాదికి ఈ సీను రెండుసార్లు వేశాం. మొదటిసారి సినిమా హీరో, నాట్యగురువు బాలు ప్రాణం పోయిన అర నిమిషానికే యాంకరమ్మ మైకు పట్టుకొచ్చి, "ఇంకా గట్టిగా కొట్టాలి!" అంది. కుర్చీలో శవం పకపకా నవ్వింది. కాబట్టి ముందు యాంకర్‌కి సీను చెప్పండి. తెర పడేదాకా మైకు మీ దగ్గరే ఉంచుకోండి.

చప్పట్లు మాత్రం కావాలి. 1983లో విశ్వనాథ్ గారు తీసిందే అలా. అక్కడ స్టేజీ మీద శిష్యురాలు శైలజ నాట్యానికి జనం మురిసిపోతుంటే ఇక్కడ బాలు కన్నుమూస్తాడు. ప్రదర్శన చెడకుండా స్నేహితుడు రఘు అతణ్ణి చక్రాల కుర్చీలో చడీచప్పుడు లేకుండా తీసుకెళ్లిపోతాడు. డాన్స్ అవగానే మనవాళ్లు ఎలాగూ కొడతారు. కుర్చీ కదలాల్సింది సరిగ్గా ఆ మోతలోనే.

‘వేదం అణువణువున నాదం’ మొత్తం పెట్టకండి. ఇళయరాజా గారి పాటకి కత్తెర వేయడం పాపమే గానీ, మనకిచ్చేది ఎనిమిది నిమిషాలు. చివరి చరణం చాలు.

బాలుకి ఒకటే పని. ఒళ్లో చేత్తో తాళం వేస్తుండాలి, మధ్యలో ఆ వేళ్లు ఆగిపోవాలి. తల ధబాలున వాల్చాడంటే జనం నవ్వుతారు.

అసలు కష్టం రఘుది. చక్రాల కుర్చీ మెడికల్ షాపులో అద్దెకు దొరుకుతుంది, కానీ రిహార్సల్ నాటికే తెచ్చుకోండి. మా కుర్చీ చిన్న చక్రం స్పీకర్ వైరెక్కి ఆగిపోయింది. వైర్లన్నీ టేపుతో నేలకి అంటించండి. కుర్చీ బ్రేకు ముందే తీసి ఉంచండి.

సినిమాలో రఘు బాలుని తీసుకెళ్లేది వానలో. ఆ వానకి నీళ్లు పోయొద్దు, గ్రానైట్ మీద గజ్జెల పిల్ల జారిపడుతుంది. చేటలో కందులు పోసి మైకు దగ్గర మెల్లగా అటూ ఇటూ వంచితే చాలు, అచ్చం వాన చప్పుడే.

ఇక గొడుగు. బటన్ నొక్కితే టప్పుమని విచ్చుకునేది వద్దు, పాతకాలం నల్ల గొడుగు తెండి. శైలజ తల్లి, ఒకప్పుడు బాలు ప్రేమించిన మాధవి, దాన్ని పూర్తిగా బాలు మీదే పట్టాలి, తన మీదికి రానివ్వకూడదు. ఆవిడ స్టేజీ ఎక్కేముందు కుడి భుజం మీద చెంబెడు నీళ్లు పోసి పంపండి. మా మాధవి పట్టుచీర కట్టుకొచ్చి ససేమిరా అంది. చివరికి మా అత్తగారి నేతచీర ఇచ్చి ఒప్పించాం.