మత్తుమందు రక్తంలోంచి సీఎస్‌ఎఫ్‌లోకి ఎంత చేరిందో కొలవడం ఎలా

సీఎస్‌ఎఫ్‌లో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో) మిడజోలామ్ అనే మత్తుమందు ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) స్థాయిలో 3 శాతమే కనిపిస్తే, మందు మెదడుకు చేరలేదని తీర్మానించకండి. చేరాల్సినంతా చేరే ఉండవచ్చు. ప్లాస్మాలో ఈ మందు దాదాపు 97 శాతం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది, రక్తానికీ మెదడుకూ మధ్య గోడ దాటేది విడిగా ఉన్న భాగమే. మెదడు కేశనాళికల్లోనూ, సీఎస్‌ఎఫ్ తయారయ్యే కోరాయిడ్ ప్లెక్సస్‌లోనూ కణాల మధ్య సందులు బిగుతుగా మూసుకుని ఉంటాయి. అందుకే మందు కణపు పొరలోంచే వెళ్లాలి. కొవ్వులో బాగా కరిగే మత్తుమందులకు అదేమంత కష్టం కాదు. అవతల సీఎస్‌ఎఫ్‌లో ప్రోటీన్ డెసిలీటరుకు 15–45 మిల్లీగ్రాములే, ప్లాస్మాలోనైతే 6–8 గ్రాములు. విడి మందు రెండు వైపులా సమానమైతే చాలు, సమతుల్యం వచ్చినట్టే. కాబట్టి సీఎస్‌ఎఫ్ స్థాయిని పోల్చాల్సింది ప్లాస్మాలోని విడి మందుతో. మొత్తంతో పోలిస్తే నిష్పత్తి డయజిపామ్‌కు 0.02, ఫినోబార్బిటాల్‌కు 0.5 దగ్గర వస్తుంది. ఈ తేడా దాదాపుగా ప్రోటీన్ బంధానిదే.

నమూనా సమయం ముందే ఖాయం చేసుకోండి. ఒకే వేగంతో ఇన్‌ఫ్యూజన్ (సిరలోకి ఆగకుండా మందు ఎక్కించడం) నడుస్తూ నాలుగైదు అర్ధాయువులు (ఒక్కొక్కటి మందు స్థాయి సగానికి తగ్గే సమయం) గడిచాక తీస్తే నిష్పత్తికి అర్థం ఉంటుంది. బోలస్ (ఒక్కసారిగా ఇచ్చే మోతాదు) ఇచ్చిన వెంటనే తీస్తే ప్లాస్మా స్థాయి ఎక్కువ, నడుము దగ్గరి సీఎస్‌ఎఫ్‌లో స్థాయి తక్కువ. ప్లాస్మా పడిపోయాక తీస్తే పరిస్థితి తలకిందులవుతుంది. థయోపెంటాల్‌తో మనిషి అర నిమిషంలో నిద్రపోతాడు, కానీ నడుము ద్రవం ఆ వేగాన్ని చూపించదు. పెద్దవాళ్లలో సీఎస్‌ఎఫ్ సుమారు 150 మిల్లీలీటర్లు, రోజుకు 500 దాకా తయారవుతుంది, కింది భాగం నెమ్మదిగా కలుస్తుంది.

కేవలం ఈ కొలత కోసం రోగికి సూది గుచ్చకండి. వేరే అవసరానికి, ఎథిక్స్ అనుమతితో తీస్తున్న ద్రవంలోంచే కొంత తీసుకోండి. రక్తం అదే నిమిషంలో తీయండి, వీలైతే ధమని లైన్ నుంచి. మందు ఎక్కుతున్న చేతి నుంచి మాత్రం వద్దు.

అసలు చిక్కు రక్తం కలిసిన ద్రవంతోనే. ప్లాస్మాలో మిల్లీలీటరుకు 200 నానోగ్రాముల మిడజోలామ్ ఉంటే సీఎస్‌ఎఫ్‌లో ఆశించేది 6. అందులో 1 శాతం రక్తం కలిస్తే, అంటే మైక్రోలీటరుకు దాదాపు 50,000 ఎర్రకణాలు ఉంటే, అదనంగా 1.1 నానోగ్రాములు చేరతాయి: 18 శాతం తప్పు. అందుకే ప్రతి నమూనాలో ఎర్రకణాలు లెక్కించి, వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవం వేరు చేయాలి. కంటికి ఎర్రగా ఉన్నదాన్ని పక్కన పెట్టేయడమే మంచిది.

ప్రోటీన్ తక్కువ కాబట్టి సీఎస్‌ఎఫ్‌లోని మందు ట్యూబు గోడకు సులువుగా అంటుకుంటుంది. ప్రొపొఫాల్‌కు గాజు సీసాలే వాడండి, డయజిపామ్‌ను పీవీసీ గొట్టాలకు దూరంగా ఉంచండి.

విడి భాగాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్‌తో (ప్రోటీన్‌ను ఆపే సన్నని ఫిల్టరు గుండా పంపి) తీసేటప్పుడు 37 డిగ్రీలు, పీహెచ్ 7.4 నిలపాలి. మూత తెరిచి ఉంచిన ప్లాస్మాలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దానితో బంధం మారుతుంది. ఫిల్టరే మందును పీల్చుకుంటుందేమో చూడటానికి, తెలిసిన గాఢతలో మందు కలిపిన బఫర్‌ను ముందు పంపి చూడండి. ప్రొపొఫాల్ లాంటివి ఫిల్టరుకే ఎక్కువగా పోతుంటే ఈక్విలిబ్రియమ్ డయాలసిస్ (పొరకు రెండు వైపులా విడి మందు సమానమయ్యేదాకా ఉంచి కొలవడం) నయం. రోగికి హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇస్తున్నారా అన్నది రాసిపెట్టుకోండి: అది కొవ్వు ఆమ్లాలను పెంచి డయజిపామ్‌ను ఆల్బుమిన్ నుంచి నెట్టేస్తుంది.

ఫలితం చదివేటప్పుడు ఆల్బుమిన్ విలువ పక్కనే ఉండాలి. అది డెసిలీటరుకు 4 గ్రాముల నుంచి 2కు పడితే విడి భాగం 3 శాతం నుంచి దాదాపు 6కు చేరుతుంది. మొత్తం ప్లాస్మా స్థాయి అంతే ఉన్నా సీఎస్‌ఎఫ్‌లో రెట్టింపు కనిపిస్తుంది. మెనింజైటిస్‌లో (మెదడు పొరల వాపులో) సీఎస్‌ఎఫ్ ప్రోటీనే పెరుగుతుంది కాబట్టి అక్కడ కూడా విడి భాగం విడిగా కొలవాలి. ఫినోబార్బిటాల్ పీకేఏ (సగం మందు విద్యుదావేశంతో ఉండే పీహెచ్) 7.3 దగ్గర ఉంటుంది గనక రక్తం పీహెచ్ కూడా నమోదు చేయండి. రక్తం క్షారమైతే ఆవేశమున్న భాగం పెరిగి, పొర దాటలేక మందు రక్తం వైపే నిలిచిపోతుంది.