మొదటి బ్యాండ్ మొదలయ్యే లోపే అక్కడుండండి

గిగ్ (బ్యాండ్లు స్టేజీ మీద వాయించే షో) ఎనిమిదింటికి అంటే నేను ఏడున్నరకల్లా అక్కడుంటాను. పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కోసం కాదు, అట్టడుగున చిన్నగా వేసిన పేరు కోసం. ఒకసారి గంట ఆలస్యంగా వెళ్లి ఓపెనింగ్ బ్యాండ్‌ని, అంటే అందరికంటే ముందు వాయించేవాళ్లని, వినలేకపోయాను. కొన్ని నెలల తర్వాత వాళ్ల ఈపీ, అంటే నాలుగు పాటల చిన్న రికార్డు, దొరికింది. రెండో పాట దగ్గరే ఆగిపోయి ఆ రాత్రంతా అదే విన్నాను. మళ్లీ ఎప్పుడు వాయిస్తారా అని వెతికితే, బ్యాండ్ అప్పటికే విడిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. కొత్త బ్యాండ్లు ఎక్కువకాలం ఆగవు. ఉద్యోగాలొస్తాయి, ఊళ్లు మారతారు. అందుకే ఉన్నప్పుడే వెళ్లి వినాలి.

ముందు చోటు ఎంచుకోండి. మీ దగ్గర్లో బ్యాండ్లు వాయించే చోట్లలో సొంత పాటలకు అవకాశమిచ్చేది ఏదో కనుక్కోండి. హిట్ పాటల కవర్లే (వేరేవాళ్ల పాటల్ని మళ్లీ వాయించడమే) అడిగే చోట ఎన్ని రాత్రులు గడిపినా కొత్త పాట వినపడదు. న్యూయార్క్‌లో 1973లో హిల్లీ క్రిస్టల్ తెరిచిన సీబీజీబీ చిన్న బార్. అక్కడ బ్యాండ్లు సొంత పాటలే వాయించాలని ఆయన పట్టుబట్టాడు. టెలివిజన్, రమోన్స్, టాకింగ్ హెడ్స్ అనే బ్యాండ్లు ఆ స్టేజీ మీదే ఎదిగాయి. ఏ చోటైనా బ్యాండ్లను పిలిచేది ఒక మనిషే, ఆ మనిషికి ఒక అభిరుచి ఉంటుంది. ఒకే చోట రెండు కొత్త బ్యాండ్లు మీకు నచ్చాయంటే, మూడోసారి పేరు కూడా చూడకుండా వెళ్లిపోండి.

వినేటప్పుడు సౌండ్‌ని బట్టి తీర్పు చెప్పొద్దు. చిన్న గదిలో డ్రమ్స్ మోత గొంతును మింగేస్తుంది. ఓపెనింగ్ బ్యాండ్‌కి చాలాసార్లు సౌండ్ చెక్‌కి పది నిమిషాలు కూడా దొరకవు. మైక్ కూస్తుంది, పాటకీ పాటకీ మధ్య గిటార్ శ్రుతి చేసుకుంటూ తడబడతారు. అవన్నీ ఆరు నెలల్లో సర్దుకునే విషయాలు. నేను రెండే చూస్తాను. బేస్, డ్రమ్స్ ఒకదాన్నొకటి వింటున్నాయా? ఇంటికెళ్లే దారిలో ఒక్క ట్యూనైనా నాతో వస్తోందా? రెండో దానికి జవాబు అవునైతే ఆ బ్యాండ్‌ని మూడుసార్లు వింటాను. మూడోసారికి కొత్త పాట వచ్చిందంటే వాళ్లు పని చేస్తున్నారని అర్థం. (స్పీకర్ల దగ్గర నిలబడేవాళ్లు ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా పెట్టుకోండి. చెవులు పాడైతే తిరిగి రావు.)

అన్నిటికంటే ముఖ్యం, మనుషుల్ని పట్టుకోవడం. గిటారిస్టులు చాలామంది దొరుకుతారు, మంచి డ్రమ్మర్లు తక్కువ. అందుకే ఒకే డ్రమ్మర్ రెండు మూడు బ్యాండ్లలో కనిపిస్తాడు. బ్యాండ్ వాయించడం అయ్యాక వాళ్లు కేబుళ్లు చుట్టుకుని, డ్రమ్స్ దింపుకునేదాకా ఆగండి. తర్వాతి బ్యాండ్‌కి స్టేజీ ఖాళీ చేయాలనే టెన్షన్‌లో ఉంటారు. ఆ తర్వాత పలకరించి, నచ్చిన పాట ఏదో చెప్పి, రెండు ప్రశ్నలు అడగండి: ఇంకా ఏయే బ్యాండ్లలో వాయిస్తున్నారు? ఈమధ్య మీకు నచ్చిన కొత్త బ్యాండ్ ఏది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోంచే నాకు ఎక్కువ బ్యాండ్లు దొరికాయి. పక్కన నిలబడ్డవాళ్లతోనూ మాట్లాడండి, చిన్న గిగ్‌లో సగంమంది వేరే బ్యాండ్ల వాళ్లే. 1976 జూన్ 4న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ వాయించినప్పుడు హాల్లో ఉన్నది కొద్దిమందే. వాళ్లలో ఉన్న బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ ఆ తర్వాతే బ్యాండ్ కట్టారు. అదే తర్వాత పేరుమోసిన జాయ్ డివిజన్ అయింది.

బ్యాండ్ విడిపోయినా మనుషుల జాడ వదలొద్దు. అమెరికాలోని సియాటిల్‌లో గ్రీన్ రివర్ అనే బ్యాండ్ విడిపోయాక అందులోని వాళ్లు కొందరు మడ్‌హనీ బ్యాండ్‌లోకి, కొందరు చివరికి పెర్ల్ జామ్‌లోకి చేరారు. నేను వినలేకపోయిన ఆ బ్యాండ్ డ్రమ్మర్‌ని కూడా ఏడాది తర్వాత వేరే స్టేజీ మీద చూశాను. స్నేర్ డ్రమ్ మీద, ఈపీలో విన్న ఆ దెబ్బే వినగానే గుర్తుపట్టాను.

పాటలు రికార్డ్ చేసింది ఎవరో కూడా రికార్డు మీద చదవండి. సౌండ్‌గార్డెన్, మడ్‌హనీ, నిర్వాణ అనే మూడు బ్యాండ్ల తొలి రికార్డులనూ స్టూడియోలో రికార్డ్ చేసింది ఒకే మనిషి, జాక్ ఎండినో. ఆ పేరు పట్టుకున్నవాళ్లకు, ఆ బ్యాండ్లు లోకానికి తెలియకముందే తెలిసి ఉంటాయి. మీ దగ్గరా చిన్న స్టూడియో నడిపే అలాంటి మనిషి ఒకరుంటారు.

ఇక ఆన్‌లైన్. స్ట్రీమింగ్ యాప్‌లు ఇప్పటికే వినేవాళ్లున్న పాటల్నే ఎక్కువగా ముందుకు తోస్తాయి, నిన్న పుట్టిన బ్యాండ్ అందులో కనిపించడం కష్టం. నేను బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ఊరి పేరు ట్యాగ్‌తో వెతుకుతాను. నచ్చిన ఆల్బమ్ కింద, దాన్ని కొన్న శ్రోతల చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. ఒక్కొక్కటీ నొక్కితే ఆ మనిషి ఇంకా ఏమేం కొన్నాడో కనిపిస్తుంది. ఒక సాయంత్రానికి అది చాలు.

నచ్చితే కొనండి. స్పాటిఫైలో 2024 నుంచి, 12 నెలల్లో వెయ్యి సార్లు కూడా ప్లే కాని పాటకు రాయల్టీ రాదు. కొత్త బ్యాండ్ పాటలు చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సంస్థ వాటా మామూలుగా 15 శాతం, చెల్లింపు చార్జీలు పోగా మిగతాది బ్యాండ్‌కే వెళ్తుంది. గిగ్ దగ్గర టీషర్ట్ కొంటే డబ్బు నేరుగా వాళ్ల చేతికే అందుతుంది, జామ్ రూమ్ (ప్రాక్టీస్ చేసే గది) అద్దెకు పనికొస్తుంది.

ఇంటికి రాగానే నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసుకుంటాను: బ్యాండ్ పేరు, డ్రమ్మర్ ఎవరు, నచ్చిన పాట, వాళ్లు చెప్పిన ఇంకో బ్యాండ్. తర్వాతి శనివారం ఎక్కడికి వెళ్లాలో ఆ నాలుగో గడిలోనే ఉంటుంది.