నైరోబీలో చిన్న రాబడి కుటుంబాలకు ఇంటి రుణం అందేలా చేయడం ఎలా

కెన్యా జనాభా 5 కోట్లు దాటినా, దేశం మొత్తంలో బ్యాంకుల గృహ రుణ ఖాతాలు ఇటీవలి సంవత్సరాల్లో 30,000 దరిదాపుల్లోనే ఉన్నాయి. కాబట్టి నైరోబీలో కూరగాయలు అమ్మేవారికి, బోడా బోడా (అద్దె మోటార్‌సైకిల్) నడిపేవారికి ఇంటి రుణం ఇవ్వదలచిన సహకార పొదుపు సంఘం, అంటే అక్కడివారి మాటలో సాకో, బ్యాంకు పథకాన్నే కుదించి అమలుచేస్తే ఫలితం ఉండదు.

మొదట రాబడిని అంచనా వేయాలి. జీతం చీటీ లేనివారి విషయంలో ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపుల సేవలో వారి ఏడాది లావాదేవీలను, సంఘంలో వారి పొదుపు క్రమాన్ని చూసి, ఆపైన వ్యాపారం జరిగే చోటికి స్వయంగా వెళ్లి పరిశీలించాలి. వాయిదాను సగటు రాబడిని బట్టి కాక, ఏడాదిలో బాగా తగ్గిన నెలల రాబడిని బట్టి నిర్ణయించాలి. బడి ఫీజులు మీదపడే జనవరిలో వాయిదా తగ్గించి, గిరాకీ ఉన్న నెలల్లో పెంచుకునే వెసులుబాటు ఇవ్వడం ఇంకా మేలు.

తరువాత రుణ పరిమాణం. పూర్తయిన ఇల్లు కొనడానికి 10 లక్షల షిల్లింగులను 15 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువుతో ఇస్తే నెలకు దాదాపు 14,000 కట్టాలి. అదే ఒక గది, పునాది వరకు 2 లక్షలను 12 శాతానికి మూడేళ్లకు ఇస్తే వాయిదా సుమారు 6,650. మొదటి రుణం తీరాకే రెండో గదికో, పై అంతస్తుకో ఇవ్వాలి. పేద కుటుంబం ఎలాగూ ఇల్లు కట్టుకునేది విడతలవారీగానే కనుక, రుణం కూడా ఆ నడకనే అనుసరించాలన్నది నా అభిప్రాయం. నైరోబీలోని హురుమా ప్రాంతపు కంబి మోటోలో మురికివాడ నివాసులు తమ సమాఖ్య అండతో, పొదుపు చేసుకుంటూ, చిన్న చిన్న స్థలాల్లో ఈ పద్ధతిలోనే ఇళ్లు లేపుకున్నారు.

భూమి పట్టా దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. పట్టా లేనిచోట సభ్యుల పొదుపు నిల్వను, తోటి సభ్యుల పూచీని ఆధారం చేసుకోవచ్చు. డ్వాక్రా సంఘాలను ఎరిగిన మన పాఠకులకు ఈ పూచీ బలమూ బరువూ రెండూ తెలుసు. ఒక్కొక్కరు ఎంతమందికి, ఎంత మొత్తానికి పూచీ పడవచ్చో ముందే పరిమితి పెట్టకపోతే ఒకరి ఎగవేత పదిమందిని ముంచుతుంది. అపార్టుమెంట్ల విషయంలో మాత్రం 2020 నాటి విభాగ ఆస్తుల చట్టం ఒక్కో ఫ్లాటుకు విడిగా హక్కు పత్రం పొందే దారి చూపింది.

దీర్ఘకాలిక రుణం ఇవ్వాలంటే దీర్ఘకాలిక నిధులు కావాలి. సభ్యులు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల పొదుపును 15 ఏళ్లకు అప్పివ్వడం ప్రమాదకరం. 2020లో రుణాలివ్వడం మొదలుపెట్టిన కెన్యా మార్ట్‌గేజ్ రీఫైనాన్స్ కంపెనీ, బ్యాంకులకూ సాకోలకూ 5 శాతం వడ్డీకి నిధులిచ్చి, అవి 10 శాతం లోపు వడ్డీకే ప్రజలకు రుణాలిచ్చేలా చూసింది. పై 10 లక్షల రుణానికే వడ్డీ 9 శాతమైతే వాయిదా సుమారు 10,150కి దిగుతుంది. అయితే ఈ కంపెనీ నిధులతో ఇచ్చే రుణానికి నమోదైన తనఖా కావాలి కనుక, పట్టా లేనివారికి విడతల రుణమే శరణ్యం.

చివరిగా, ఎగవేత నష్టాన్ని ఎవరు భరిస్తారో రుణం ఇవ్వకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మొరాకోలో స్థిర జీతం లేనివారి ఇంటి రుణాలకు ఫోగరిమ్ అనే ప్రభుత్వ హామీ నిధి ఆ నష్టంలో పెద్ద భాగాన్ని మోస్తుంది. అలాంటిది లేనిచోట సంఘం ప్రతి వాయిదా నుంచి కొంత పక్కనపెట్టి సొంత రక్షణ నిధిని ఏర్పరచుకోవాలి.