హీరోయిన్ ఫొటో పట్టుకుని జాకెట్ కుట్టించుకునే ముందు

"అక్కా, అచ్చం గిట్లనే రావాలె" అని ఫోన్ నా ముందు పెట్టే ప్రతి అమ్మాయినీ నేను ముందు అడిగే మాట ఒకటే. "ఆమె చెయ్యి పైకెత్తిన ఫొటో ఉందా?" ఉండదు. వెతికినా దొరకదు. కుడిచెయ్యి నడుం మీద, ఎడమచెయ్యి కిందికి, తల కొంచెం పక్కకు. అన్నీ అట్లాంటివే.

నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర సందులో నాది జాకెట్లు కుట్టే షాపు. మగ్గం వర్క్, అంటే బట్టను చట్రానికి బిగించి చేత్తో చేసే పూసల, జరీ పని కూడా చేయిస్తా. ముహూర్తాల సీజన్‌లో మా బల్ల మీద బట్టల కంటే స్క్రీన్‌షాట్లే ఎక్కువ. వాటితో ఏం చేయాలో, ఏం చేయకూడదో రాస్తున్నా. కొన్నిచోట్ల నోరు జారుతా, ఏమనుకోకండి.

ముందు జాకెట్ సంగతి. ఫొటోలో ముడత లేకుండా ఒంటికి అతుక్కున్న జాకెట్ వెనక తరచుగా క్లిప్పులు ఉంటాయి. షూటింగ్‌లో వదులుగా ఉన్నదాన్ని వెనక బిగించి, ముందు నుంచి ఫొటో తీస్తారు. ఆమె ఆ బిగువులో నిలబడేది కాసేపే. మన పెళ్లికూతురు జీలకర్ర బెల్లం పెట్టాలి, తలంబ్రాలు పోయాలి, అత్తగారి తరఫు పెద్దలందరి కాళ్లకూ వంగి దండం పెట్టాలి, బంతిలో కూర్చుని తినాలి. అందుకని ఫొటోలోంచి మెడ, వర్క్ డిజైన్ మాత్రమే తీసుకోండి. చంక, చేతి చుట్టుకొలత, పొడవు మీ ఆది జాకెట్ (కొలతకు ఇచ్చే పాత జాకెట్) నుంచే తీయించండి. ఆది జాకెట్ కూడా బీరువాలో మడత పెట్టి ఉంచింది కాదు, మీరు తరచూ వేసుకునేది తేవాలి. ట్రయల్ వేసుకున్నప్పుడు అద్దం ముందు నిలబడి ఊరుకోకుండా రెండు చేతులూ ఎత్తండి, కింద కూర్చుని లేవండి. మీరు కూర్చుంటే ఫక్కున నవ్వే దర్జీ దగ్గర కుట్టించకండి.

రెండో సంగతి అసలుది. ఆ చీర ఆమె కొన్నదా? సినిమా ప్రమోషన్లకు, ఫంక్షన్లకు వాళ్లు వేసుకునే బట్టలు చాలావరకు స్టైలిస్టులు డిజైనర్ల దగ్గర తెచ్చేవి. పని కాగానే తిరిగి ఇచ్చేస్తారు. నగలూ అంతే. కింద పేర్లు ట్యాగ్ చేసి ఉంటాయి చూడండి, చీర ఫలానా వాళ్లది, హారం ఫలానా వాళ్లదని. అది వాళ్ల ఒప్పందం, తప్పేం లేదు. కానీ ఆమె పూటకు తెచ్చుకుని ఇచ్చేసిన దానికోసం మన మిర్యాలగూడ పిల్ల నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే, నెలకు 2,000 వడ్డీకే పోతుంది. ఏడాదికి 24 శాతం. ఫొటో చూడగానే "ఇది ఎవరి డబ్బు?" అని అడగడం అలవాటు చేసుకోండి. నేను అన్నిటికీ ఇదే ప్రశ్న వేస్తా, గొడవల వార్తలకు కూడా.

చీర దగ్గర మోసం ఎక్కువ

2017లో సమంతను తెలంగాణ చేనేతకు ప్రచారకర్తగా పెట్టినప్పుడు నాకు సంతోషమైంది. పోచంపల్లి, పుట్టపాక మన పక్క ఊళ్ల లెక్కే. జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరిలో చేరినా, మాకు అవి నల్లగొండవే. అయితే ఏ హీరోయిన్ ఇక్కత్ కట్టినా అదే డిజైన్ ప్రింట్ వేసిన చీర మార్కెట్‌లోకి దిగిపోతుంది, "పోచంపల్లి" అనే పేరుతోనే.

కనిపెట్టడం కష్టం కాదు. చీర తిరగేయండి. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. అందుకే రంగు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ప్రింట్ అయితే వెనక వెలిసినట్టు కనబడుతుంది. ఇంకోటి, డిజైన్ అంచులు చూడండి. నిజమైన ఇక్కత్‌లో గీత కొంచెం చెదిరి, ఈకలాగా పొరలు పొరలుగా ఉంటుంది. కత్తితో కోసినట్టు గీత తిన్నగా ఉంటే అనుమానించండి. "పోగు చెదిరింది, డిఫెక్ట్ పీస్" అని తెలియక బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గద్వాల చీరకు వేరే పరీక్ష. పాత పద్ధతి గద్వాలలో ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు, పట్టు కలిసేచోట పోగులు ఒకదాంట్లో ఒకటి మెలేసి ఉంటాయి. వెనక వైపు వేలితో రాస్తే ఆ అతుకు తగులుతుంది. ఇప్పుడు పూర్తి పట్టులోనూ నేస్తున్నారు, అది తప్పు కాదు, ఏది కొంటున్నారో తెలిసి కొనండి. పట్టు అని చెప్పి అమ్మితే, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. ఇంటికొచ్చాక కూడా నమ్మకం కుదరకపోతే కొంగు చివర ఒక పోగు లాగి కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. షాపులో కాల్చకండి, గొడవలవుతాయి.

ఇక మా పని. మగ్గం వర్క్ అని చెప్పి కంప్యూటర్ వర్క్ అంటగట్టేవాళ్లు ఉన్నారు. లైనింగ్ వేయకముందే లోపలి వైపు చూపించమనండి. కంప్యూటర్ వర్క్ అయితే వెనక ఒకే రంగు దారం ఒద్దికగా పరుచుకుని, డిజైన్ కింద గట్టి పేపర్ ముక్కలు అంటుకుని ఉంటాయి. చేతి పని వెనక అంత నీటుగా ఉండదు. ముడులు కనబడతాయి, దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దూకుతుంది. కంప్యూటర్ వర్క్ వేయించుకోవడం నామోషీ కాదు, రోజువారీకి అదే మేలు. డబ్బు మాత్రం కంప్యూటర్‌కు ఇచ్చినట్టే ఇవ్వండి. మగ్గం వర్క్ ధర కారీగర్ ఎన్ని గంటలు కూర్చున్నాడు, ఏ రాళ్లు, ఏ జరీ అనేదాన్ని బట్టి ఉంటుంది. మీరు చూపించిన ఫొటోలో జాకెట్ నిండా పూసలు ఉంటే, మీ బడ్జెట్‌కు చేతుల అంచు, వెనక మెడ చాలు. ముందు భాగం ఎట్లాగూ కొంగు కింద, హారాల కింద పోతుంది. ఇది చెబితే ఒప్పుకునేవాళ్లు తక్కువ. వీడియోలో కనబడాలట.

గొడవల గురించి నాలుగు మాటలు

జాకెట్ కొలత ఇచ్చేలోపు రాష్ట్రంలో ఉన్న విడాకులన్నీ నా షాపులో తీర్పులైపోతాయి. నాకూ ముచ్చట్లు ఇష్టమే, కాదనను. కానీ పద్ధతి ఒకటి పెట్టుకున్నా. సినిమా విడుదలకు వారం ముందు మొదలైన తగాదా అయితే విడుదలయ్యాక మాట్లాడుకుందాం అంటా. అప్పటికి చాలావరకు ఎవరికీ గుర్తుండదు. ఇంటర్వ్యూ ముక్క అయితే ముందూ వెనకా ఉన్న నిమిషం వీడియో చూశాకే మాట. ఇక ఆడపిల్ల విడాకుల మీద ముచ్చట వస్తే నేను మిషన్ తొక్కడం మొదలుపెడతా, వినబడకుండా. 2024 అక్టోబర్‌లో ఒక మంత్రి ఒక హీరోయిన్ విడాకుల గురించి నోటికొచ్చింది అని, మర్నాటికే మాట వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తీసుకున్నారు సరే, ఆ మాట పంచిన వేలమంది తీసుకున్నారా?

నేను పట్టించుకునే గొడవ వేరే రకం, మన జేబును తాకేది. 2025 మార్చిలో సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 25 మంది సినిమావాళ్లు, సోషల్ మీడియా వాళ్ల పేర్లతో కేసు పెట్టారు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ లాంటి ఆటలకు 2017లోనే చట్టం అడ్డుకట్ట వేసింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. కేసుల్లో ఎవరి తప్పెంతో కోర్టులు తేలుస్తాయి. మీరు చేయాల్సింది మీ ఇంట్లో పిల్లవాడి ఫోన్‌లో ఎవరి లింకుతో ఏ యాప్ దిగిందో చూడటం. తిట్టకుండా చూడండి, తిడితే ఇంకో ఫోన్ కొంటాడు.

ఎవరైనా క్షమాపణ చెప్పారంటే కరిగిపోకండి, యాడ్ ఆగిందా అని చూడండి. 2022 ఏప్రిల్‌లో అక్షయ్ కుమార్ ఒక గుట్కా కంపెనీ ఇలాచీ ప్రకటన నుంచి తప్పుకుంటూ సారీ చెప్పాడు. ఒప్పందం గడువు తీరేదాకా ఆ యాడ్ రావచ్చని కూడా ఆయనే రాశాడు. అంతకుముందు ఏడాది అమితాబ్ పాన్ మసాలా ఒప్పందం వదులుకుని డబ్బు వెనక్కిచ్చాడు. నా దృష్టిలో రెండోది కొంచెం మేలు. అసలు సంతకం పెట్టేటప్పుడే ఏం అమ్ముతున్నారో తెలియదా అంటే, తెలియకపోవడానికి వాళ్లేం చిన్నపిల్లలు కాదు.

చట్టం కూడా ఆ మాటే అంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవాళ్లకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్రకటనల్లో కనబడకుండా ఏడాది, ఆ తర్వాత మూడేళ్ల దాకా ఆపవచ్చు. మీరు మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు ఫొటో, యాడ్ స్క్రీన్‌షాట్ రెండూ దాచుకోండి. స్క్రీన్‌షాట్ నిజంగా పనికొచ్చేది అక్కడే.

ప్లాట్లు, బంగారం, ఫోన్

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా హోర్డింగ్ మీద హీరో నవ్వుతూ వెంచర్ చూపిస్తుంటాడు. ఆయన అక్కడ ఇల్లు కట్టుకోడు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ ప్రకటన మీదే ఉండాలి. హీరో మొహం కింద నంబర్ వెతకండి, దాన్ని తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. నంబర్ "ప్రాసెస్‌లో ఉంది" అన్నారంటే మీరూ ప్రాసెస్‌లోనే ఉండండి, అడ్వాన్స్ ఇవ్వకండి.

బంగారం షాపుకు ఏ హీరో అంబాసిడరో అనవసరం. తరుగు ఎంత శాతం, మజూరీ ఎంత, రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టారా, ఈ మూడూ అడగండి. రాళ్లకు బంగారం రేటు కట్టించుకుని వచ్చిన ఒడిబియ్యం హారాలు నేను చూశా. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే వివరాలు వస్తాయి. కౌంటర్ దగ్గరే కొట్టండి, మొహమాటం వద్దు.

ఫోన్ విషయం తొందరగా చెప్తా. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే వడ్డీ లేదని కాదు, ఎక్కడో కలిపారని. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. కార్డు మీద అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడొచ్చు. నగదు ఇస్తే ఎంతకిస్తారో ముందు అడిగి, ఆ తర్వాత ఈఎంఐ మొత్తం కూడండి. తేడా కాగితం మీద కనబడుతుంది.

ఎవరూ తేని స్క్రీన్‌షాట్

2023 అక్టోబర్‌లో ఆలియా భట్ జాతీయ అవార్డు తీసుకోవడానికి తన పెళ్లి చీరే కట్టుకుని వెళ్లింది. 2024లో సమంత తన పెళ్లి గౌనును నల్లరంగు డ్రెస్‌గా మార్పించుకుని వేసుకుంది. ఈ రెండు ఫొటోలు పట్టుకుని "అక్కా, గిట్ల చెయ్యి" అని ఒక్కరూ రాలేదు. కట్టిన చీర మళ్లీ కడితే ఆడబిడ్డలు గుర్తుపడతారట. పట్టనీయండి.

మీ పెళ్లి జాకెట్ బిగుతైందా? వర్క్ బాగుంటే పారేయకండి. చేతుల అంచు, వెనక మెడ వర్క్ చుట్టూ అర అంగుళం బట్ట వదిలి కత్తిరించి, కొత్త జాకెట్ మీద వేసి చుట్టూ పైపింగ్‌తో కుట్టవచ్చు. కుందన్లు ఊడకుండా ఉండాలంటే కత్తిరించే ముందే వెనక నుంచి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే బట్ట) అంటించమనండి, ఇస్త్రీ మాత్రం తిరగేసి, మధ్యలో బట్ట వేసి. రంగు కలవకపోతే చీర బ్లౌజ్ ముక్కతోనే పైపింగ్ వేయించండి, కలిసిపోతుంది. కొత్తగా కుట్టించేవాళ్లు రెండు పక్కలా లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదిలించుకోండి, చంక దగ్గర కూడా. శ్రావణం ముహూర్తాలకు కావాలంటే ఆషాఢంలోనే తెచ్చివ్వండి. శ్రావణం మొదలయ్యాక వస్తే ఏ ఫొటో తెచ్చినా నా దగ్గర ఉండేది ఫాల్, పీకో మాత్రమే.